పంపకవి వంశము: వంగిపఱ్ఱు నుండి ధర్మవురము దాఁక

కవుల కాలనిర్ణయమునకై మన పండితులు చేసిన శ్రమలోఁ బదియవ పాలైనను వారి కుటుంబముల రాకపోకలను నిర్ణయించుటకుఁ జేయఁబడలేదు. ఏ కవి యే రాజు కొలువున నుండెను, ఏ శకవత్సరమున గ్రంథమును ముగించెను అను ప్రశ్నలకుఁ బ్రత్యుత్తరము దొరకినంతనే మనకుఁ దృప్తి కలుగుచున్నది. ఆ కవి తాత యే యేటియొడ్డున నగ్నిహోత్రము వ్రేల్చెను, తల్లి యే యూరి యాఁడుబడుచు, ఆ యింటివారు పుట్టినచోటు విడిచి యేల వచ్చిరి అను ప్రశ్నలు వెనుకఁబడుచున్నవి. కాని భాషాచరిత్ర యొక కుటుంబము నడచిన త్రోవవెంటనే నడచిన సందర్భములు గలవు. అట్టి కుటుంబములలో నగ్రగణ్యమైనది పంపకవి కుటుంబము. కన్నడమున నాదికవి యని కొనియాడఁబడు పంపుఁడును, నేఁటివఱకు దొరకిన తెలుఁగు కందపద్యములలోఁ బ్రాచీనతమములైనవానిని శిలపైఁ జెక్కించిన జినవల్లభుఁడును నొక్క తల్లి బిడ్డలు. వారి మూలస్థానము తూర్పుతీరపు వేంగినాడు; వారు నెలకొన్నది నేఁటి కరీంనగర ప్రాంతమైన సబ్బినాడు. ఆ కుటుంబమువారి పూర్వులెవ్వరు, వారెచ్చటనుండి యెచ్చటికి వచ్చిరి, వారికి లభించిన ధర్మవురము నెచ్చట వెదకఁదగును అను మూఁడు విషయములు నిందు విచారింపఁబడును.

సాధనములు

అమెరికాఖండమునకుఁ దొలుతఁ బోయి స్థిరపడిన కుటుంబములవారు తమ వంశవృక్షములను గూర్చుకొనునపుడు ఓడల ప్రయాణికుల పట్టికలను, దేవాలయములందలి జ్ఞానస్నానపు లెక్కలను, భూముల దస్తావేజులను నాశ్రయింతురు. మన దేశమునఁ బదియవ శతాబ్దికి నట్టి పట్టికలు లేవు. వాని స్థానమున మనకుఁ గలవి రెండు: కావ్యములందుఁ గవులు చెప్పుకొనిన స్వవంశవర్ణనము, దానములు పొందినవారు వ్రాయించిన శాసనములు. మొదటిది వ్రాయసకాండ్ర చేతులలోఁ బడి మాఱుటకు వీలుగలది. రెండవది మాఱదు గాని సంక్షిప్తము. రెండును నొక్క కుటుంబమును గూర్చియే దొరకుట యరుదు. పంపుని విషయమున నా భాగ్యము మనకు లభించినది.

కావ్యసాక్ష్యము పంపుని విక్రమార్జునవిజయమునఁ గలదు. దీనికే పంపభారతమని నామాంతరము. వేములవాడ చాళుక్యరాజైన రెండవ యరికేసరిని నర్జునునితో నభేదముగా భావించి రచింపఁబడిన యీ కావ్యమును రైసు పండితుఁడు 1898వ సంవత్సరమున ముద్రింపించెను. శిలాసాక్ష్యము కరీంనగర మండలమున గంగాధర గ్రామమునకుఁ జేరువ, కురిక్యాల యొద్ద నున్న బొమ్మలగుట్ట మీఁదిది. పంపుని తమ్ముఁడైన జినవల్లభుఁడు సంస్కృతము, కన్నడము, తెలుఁగు అను మూఁడు భాషలలో దీనిని వ్రాయించెను. ఈ రెంటిని ప్రక్కప్రక్కనుంచి చదివినఁ గాని యా కుటుంబచరిత్ర పూర్ణముగా బోధపడదు.

వంశక్రమము

కావ్యమును బట్టి యీ వంశమునకు మూలపురుషుఁడు మాధవసోమయాజి. ఆయన వేంగిమండలమున వంగిపఱ్ఱను నగ్రహారమునందలి వత్సగోత్రుఁడు. యజ్ఞములు చేసి ప్రసిద్ధి కెక్కినవాఁడు. ఆయన కుమారుఁ డభిమానచంద్రుఁడు. అభిమానచంద్రుని కొడుకు కొమరయ్య. కొమరయ్య కొడు కభిరామదేవరాయఁడు. ఈతని పుత్త్రుఁడే కవితాగుణార్ణవ బిరుదాంకితుఁడైన పంపుఁడు.

శాసనమున జినవల్లభుఁడు తన తండ్రిని భీమపయ్య యని పేర్కొనెను. కొమరయ్య పే రందుఁ గానరాదు. పైపైనఁ జూచువారికిఁ గావ్యమునకును శాసనమునకును విరోధము గలదని తోఁచవచ్చును. కాని శాసనము భీమపయ్యను నభిమానచంద్రుని మనుమఁ డని చెప్పుచున్నదే కాని కొడుకని చెప్పుటలేదు. నడుమ నొక తరము గలదని యా పదమే సూచించుచున్నది. ఆ తరమువాఁడే కావ్యమునఁ జెప్పఁబడిన కొమరయ్య. కావున భీమపయ్యయు నభిరామదేవరాయఁడును నొక్కఁడే. మొదటిది యింటఁ బిలుచు పేరు, రెండవది గౌరవనామము కాఁదగును. ఇట్లు రెండు సాక్ష్యములు నొకదాని నొకటి ఖండించుటకు మాఱు బలపఱచుచున్నవి.

కాలము నించుక లెక్కింతము. పంపుఁ డాదిపురాణమును శకవర్షము 863, అనఁగా క్రీస్తుశకము 941, ప్లవసంవత్సరమున ముగించెను. ఆయన జననము దుందుభిసంవత్సరమున, అనఁగా 902లో. తరమునకు నిరువదియైదేండ్ల చొప్పున వెనుకకుఁ బోయినచో భీమపయ్య 875 ప్రాంతమునను, కొమరయ్య 850 ప్రాంతమునను, అభిమానచంద్రుఁడు 825 ప్రాంతమునను జనించియుందురు. మాధవసోమయాజి తొమ్మిదవ శతాబ్ది యారంభమువాఁ డగును. ఇది యంచనాయే యైనను, మాధవసోమయాజి వేంగిలో నరేంద్రమృగరాజ బిరుదుగల రెండవ విజయాదిత్యుని కాలమువాఁడని గ్రహించుటకు మనకుఁ జాలును.

వంగిపఱ్ఱు – కమ్మెశాఖ

జినవల్లభుఁడు తన కుటుంబస్థానమును జెప్పుటలోఁ గావ్యముకంటె స్పష్టతరముగా వ్రాయించెను. తాము వేంగినాఁటి సప్తగ్రామములలోని వంగిపఱ్ఱు వారమనియు, కమ్మెబ్రాహ్మణులమనియు, జామదగ్న్య పంచార్షేయ ప్రవరగల శ్రీవత్సగోత్రులమనియు నాతని వచనము. ఈ వాక్యమున రెండు విషయములు గమనింపఁదగినవి.

మొదటిది గ్రామనామము. ‘పఱ్ఱు’ అనుట తీరప్రాంతపు తెలుఁగున నీరునిలుచు పల్లపునేలకుఁ బేరు. ఏలూరుచేరువఁ గలపఱ్ఱు, గుంటూరుసీమ నాలపఱ్ఱు మొదలగు నూళ్ళపేరులఁ బఱ్ఱు శబ్దము నేఁటికిని నిలిచియున్నది. తెలంగాణపు మెట్టనేలల నిట్టి నామములు సహజములు కావు. వంగిపఱ్ఱు నేఁటి గుంటూరుప్రాంతపు వంగిపురమే యని పలువురు పరిశోధకుల యభిప్రాయము. వంగిపురపువా రను నింటిపేరు నేఁటికిని వాడుకలో నున్నది.

రెండవది కమ్మెశబ్దము. కృష్ణకు దక్షిణమున గుండ్లకమ్మ పరిసరదేశము ప్రాచీనశాసనములందుఁ గమ్మరాష్ట్రము, కర్మరాష్ట్రము, కమ్మనాడు అని వ్యవహరింపఁబడినది. బ్రాహ్మణశాఖలకు నాఁటిపేరు లుండుట యాంధ్రదేశమున సుప్రసిద్ధము. వేంగినాటివారు, వెలనాటివారు, ములికినాటివారు, కాసలనాటివారు అను శాఖలన్నియు నట్టివే. ఒక నాఁటియందే నివసించువారికి నా నాఁటిపేరుతోఁ బనిలేదు. ఆ నాడు విడిచి మఱియొకచోటికి వచ్చినపుడే ‘మీ రెచ్చటివారు’ అను ప్రశ్న పుట్టును, ఆ ప్రశ్నకుఁ బ్రత్యుత్తరమే శాఖానామముగా స్థిరపడును. కావున శాఖానామము వలసకు సాక్షి. కర్ణాటకమున బబ్బూరుకమ్మె, ఉలుచకమ్మె మొదలగు పేరులతోఁ గమ్మెబ్రాహ్మణులు నేఁటికిని గలరు. కమ్మనాఁటినుండి పడమటికి సాగిన వలసలు పెక్కనియు, పంపుని కుటుంబమువారిది వానిలో మనకు లిఖితసాక్ష్యముతో దొరకిన మిక్కిలి ప్రాచీనోదాహరణములలో నొకటి యనియు దీనిచేఁ దెలియుచున్నది.

ఇంకొక విశేషము. జినవల్లభుఁడు జైనుఁడు, తండ్రికాలముననే యింట జినధర్మము స్వీకరింపఁబడినది. ఉత్తమమగు విప్రకులమున జన్మించినవాఁ డవలంబింపఁదగిన ధర్మము జినధర్మమే యని తన తండ్రి నిశ్చయించెనని పంపుఁడే చెప్పెను. అట్లయ్యు నాతని తమ్ముఁడు జినబింబముల ప్రక్కఁ దన గోత్రమును, ఋషిప్రవరను జెక్కించుకొనెను. భార్గవ, చ్యావన, ఆప్నవాన, ఔర్వ, జామదగ్న్యులను నైదుగురు ఋషులను స్మరించు నింటివాఁడు తీర్థంకరుని మ్రొక్కుచున్నాఁడు. మతము మాఱినను వంశస్మృతి మాఱలేదు. పూర్వులయందలి గౌరవమును, స్వీకృతధర్మమునందలి నిష్ఠయు నొక్క రాతిమీఁదఁ గలహింపక నిలిచియుండుట మన పూర్వులబుద్ధివైశాల్యమునకు నిదర్శనము.

అణ్ణిగెరె సంబంధము

వంశచరిత్రలందుఁ దల్లివంక వారి పేరులు సామాన్యముగా లుప్తమగును. జినవల్లభుఁ డీ లోపమును రానీయలేదు. తమ తల్లి అబ్బణబ్బె యనియు, ఆమె బెళ్వొలనాఁటి యణ్ణిగెరెకుఁ జెందిన జోయిససింఘుని మనుమరా లనియు వ్రాయించెను. జోయిసశబ్దము జ్యోతిషశబ్దభవము. అణ్ణిగెరె నేఁటి కర్ణాటకమున ధారవాడ మండలమునందలిది.

ఈ యొక్క వాక్యమువలనఁ బంపుని భాషాప్రశ్న చాలవఱకుఁ బరిష్కృతమగుచున్నది. వేంగినాఁటి కుటుంబమున జన్మించినవాఁడు కన్నడమున నంతటి ప్రౌఢకావ్యము నెట్లు రచించెను అని శంకించినవారు గలరు. పంపుఁడు తన కావ్యభాషను బులిగెఱె ప్రాంతపు తిరుళ్గన్నడ మని చెప్పుకొనెను. పులిగెఱె యనఁగా నేఁటి లక్ష్మేశ్వరము. అది యణ్ణిగెరెకు దవ్వు కాదు. తల్లి పుట్టినింటి పలుకు బిడ్డల నోటికెక్కుట యాశ్చర్యము కాదు. వనవాసిదేశమును బంపుఁడు మిక్కిలి మమతతో వర్ణించుటయు బాల్యయౌవనములలో నాతఁ డా ప్రాంతమున మెలఁగియుండెనని సూచించుచున్నది. తండ్రివంక తెలుఁగుతీరము, తల్లివంక కన్నడసీమ. ఈ రెంటినడుమఁ బుట్టిన యన్నదమ్ములలో నొకఁడు కన్నడమునకు నాదికావ్యముల నిచ్చెను, రెండవవాఁడు తెలుఁగు కందమును శిలకెక్కించెను.

వలసకుఁ గారణము

వేంగివిడుపునకుఁ గారణమును బంపుఁడు గాని జినవల్లభుఁడు గాని చెప్పలేదు. ఆ కాలపు రాజకీయస్థితిని బట్టి యూహింపవలసియున్నది. తొమ్మిదవ శతాబ్దియంతయు వేంగిచాళుక్యులకును మాన్యఖేట రాష్ట్రకూటులకును నెడతెగని యుద్ధములు జరిగినవి. రెండవ విజయాదిత్యుఁడు పండ్రెండేండ్లలో 108 యుద్ధములు చేసెనని వేంగిశాసనములు చెప్పుచున్నవి. ఆ శతాబ్ది చివర, గుణగ విజయాదిత్యుని యనంతరము 892లో రాజ్యమునకు వచ్చిన చాళుక్యభీముని కాలమున రాష్ట్రకూటుల దండు వేంగిపైఁ బడెను. ఆ యుద్ధములలో రాష్ట్రకూట సామంతుఁడై పోరి, నీటిలో మొసలి పట్టినట్లు భీముని బట్టితినని ఖ్యాతి పొందినవాఁడు వేములవాడ బద్దెగుఁడు. నలువదిరెండు యుద్ధములలో నోటమి యెఱుఁగని సోలదగండఁ డాతఁడే.

దేశము సంక్షుభితమైనపు డగ్రహారములకు రక్షణ తగ్గును. జేతయైనవానికి విద్వాంసులు కావలయును. భీమపయ్య యీ కాలమున యౌవనమునకు వచ్చుచున్నవాఁడు. జినధర్మమును స్వీకరించినవానికి రాష్ట్రకూటుల యేలుబడియందలి జైనస్థానములు సహజముగా నాకర్షకములు. అణ్ణిగెరె సంబంధమును రాష్ట్రకూటరాజ్యములోనిదే. ఈ మూఁడంశములను గూర్చి చూడఁగా వలస భీమపయ్య కాలమున, 892వ సంవత్సరమునకుఁ దరువాత జరిగియుండునని తలంచుట యుక్తము.

ఈ కుటుంబము నాశ్రయమిచ్చిన రాజవంశమును వలసవచ్చినదే యగుట చిత్రము. పర్భని తామ్రశాసనమును బట్టి వేములవాడ చాళుక్యుల పూర్వుఁడు యుద్ధమల్లుఁడు సపాదలక్షదేశము నేలుచుఁ బోదనపురమున నూనె నింపిన కొలనులయందు నేనుఁగులను జలక మాడించెను. పోదనము నేఁటి నిజామాబాదు మండలపు బోధను. అచ్చటినుండి వా రీ లేంబుళవాడకు, అనఁగా వేములవాడకు వచ్చిరి. రాజు వలసవాఁడు, కవి వలసవాఁడు. ఇరువురును గలసి సబ్బినాఁటిని విద్యాస్థానముగాఁ జేసిరి.

ధర్మవుర మెచ్చట?

విక్రమార్జునవిజయమునకుఁ బారితోషికముగా నరికేసరి పంపునకు ధర్మవురమను నగ్రహార మిచ్చెను. కావ్యపు ప్రతులలో నది ‘బచ్చెసాసిర’ములోనిదని యున్నది. ఈ బచ్చెసాసిర మేదియో పూర్వపరిశోధకులకు సమస్య యయ్యెను. వారు దీనిని గన్నడసీమయందే వెదకిరి. కురిక్యాలశాసనము ధర్మవురము సబ్బినాఁటి నట్టనడుమ నున్నదని స్పష్టముగాఁ జెప్పుచున్నది. సాసిరము సహస్రశబ్దభవము, వేయిగ్రామములుగాఁ బరిగణింపఁబడిన సీమ యని యర్థము. కాకతీయులకుఁ జాళుక్యచక్రవర్తులవలన సంక్రమించిన మండలము సబ్బిసాయిర మని ప్రసిద్ధము. కావున బచ్చెసాసిరము సబ్బిసాసిరమునకు లేఖకప్రమాదజనిత పాఠమని నిర్ణయించుటకు సందేహింపఁ బనిలేదు. ఒక్క శిల పదితాళపత్రముల దోషమును దిద్దినది.

ఇఁక ధర్మవురము గోదావరితీరపు ధర్మపురియే యని పేరుపోలికచేఁ దలంచువారు గలరు. పకారము వకారమగుట యుభయభాషలందును సామాన్యము గాన ధర్మపురము ధర్మవుర మగుటకు వ్యాకరణవిరోధము లేదు. కాని దిక్కు విరోధించుచున్నది. శాసనమును బట్టి వృషభగిరి ధర్మవురమునకు నుత్తరదిక్కున నున్నది. ఆ వృషభగిరితీర్థమునకు దక్షిణభాగమునందలి శిలయే జినవల్లభుని సిద్ధశిల. అనఁగా ధర్మవురము గుట్టకు దక్షిణమున నుండవలయును. నేఁటి ధర్మపురి కురిక్యాలకు నుత్తరమున, గోదావరి యొడ్డున నున్నది. నదీతీరపు టూరు సబ్బినాఁటికి నట్టనడుమ యని చెప్పుటయు సరిపడదు. కావున ధర్మవురమును గుట్టకు దక్షిణమున, గంగాధర–వేములవాడ–కరీంనగర పరిసరముల వెదకవలయును గాని ధర్మపురియందుఁ గాదు. శబ్దసామ్యముకంటె దిఙ్నిర్దేశము బలవత్తరము.

ఈ నిర్ణయమునకు మఱియొక యుపపత్తి గలదు. జినవల్లభుఁ డిచ్చటఁ ద్రిభువనతిలకమను బసదిని, కవితాగుణార్ణవమను చెఱువును, మదనవిలాసమను తోఁటను నిర్మించెను. కవితాగుణార్ణవము తన యన్న బిరుదము. చెఱువు త్రవ్వించి తోఁట వేయించి గుడి కట్టించినవాఁడు దారిబోవు యాత్రికుఁడు కాఁడు; ఆ నేలను దమ యింటినేలగాఁ జేసికొనినవాఁడు. వంగిపఱ్ఱులో మొదలైన ప్రయాణ మీ చెఱువుగట్టున ముగిసినది. అగ్రహారము ధర్మవురము కుటుంబపు నివాసము. చేరువనున్న గుట్ట వారి కులదైవస్థానము.

మూఁడు భాషల శిల

జినవల్లభుఁడు చెక్కించినవి యాద్యంతజినుల, అనఁగా వృషభనాథ వర్ధమానుల బింబములును, చక్రేశ్వరీదేవి రూపమును, మఱికొన్ని జినప్రతిమలును. ఈ బొమ్మలచేతనే జనులు గుట్టకు బొమ్మలమ్మగుట్ట యని పేరిడిరి. పంపుని యాదిపురాణము వృషభనాథుని చరిత్రమే. అన్న యే తీర్థంకరునిఁ గావ్యమున గానము చేసెనో, తమ్ముఁ డా తీర్థంకరుని శిలయందుఁ బ్రతిష్ఠించెను.

శాసనభాషల పొందిక యా కుటుంబచరిత్రమునే ప్రతిబింబించుచున్నది. సంస్కృతము మాధవసోమయాజి యింటి విద్య. కన్నడము తల్లివంక పలుకు, రాష్ట్రకూటాస్థానపు వ్యవహారభాష. తెలుఁగు తండ్రి పుట్టినదేశపు పలుకు, సబ్బినాఁటి జనుల పలుకును నదియే. తెలుఁగుభాగమున మూఁడు కందపద్యములు గలవు. జినభవనములు నిర్మించుటయందు, పూజలయందు, మునుల కన్నదానమునందు జినవల్లభునితో సమానులు లేరను స్తుతి వాని సారము. తెలుఁగుపద్యశాసనములు దీనికిఁ బూర్వమును గలవు. అద్దంకిశాసనమునఁ దరువోజ, బెజవాడ యుద్ధమల్లుని శాసనమున మధ్యాక్కరలు సుప్రసిద్ధములు. కందమునకు మాత్ర మీ గుట్టయే మనకుఁ గనఁబడు తొలిచోటు. రాజరాజనరేంద్రుని యాస్థానమున నన్నయభట్టు భారతమును బ్రారంభించుటకు నించుమించు నూఱేండ్లు ముందే కంద మీ మాఱుమూలఁ బ్రాసనియమముతో, గణశుద్ధితో నిలువఁగలిగెననిన, దానివెనుక నెంతటి యభ్యాసము గలదో ఛందోవేత్తలు గ్రహింతురు గాక.

ఈ ప్రాంతమున విద్య యొక్క కుటుంబముతో నాగలేదు. అరికేసరి పుత్త్రపౌత్త్రుల కాలమున సోమదేవసూరి తన యశస్తిలకమును 959లో గంగాధరమున ముగించెను. 966లో మూఁడవ యరికేసరి యా సూరికి లేంబుళపాటకమునందలి శుభధామజినాలయపు జీర్ణోద్ధరణమునకై గ్రామదానము చేసెను. కన్నడమున నాదికవి, సంస్కృతమున మహాచంపువు, తెలుఁగునఁ దొలికందము నిరువదియైదేండ్లలో నించుమించు నొక్క యూరిచుట్టు వెలసినవి.

ఉపసంహారము

తెలుఁగునకును కన్నడమునకును 2008వ సంవత్సరమునఁ బ్రాచీనభాషాప్రతిపత్తి లభించినది. అంతకుముందును తరువాతను బంపుఁడు మావాఁడు మావాఁ డని యుభయభాషలవారును వాదించుట కలదు. వంశచరిత్రము చూచినవారి కీ వాదము నిరర్థకమని తోఁచును. కమ్మె తండ్రికిని, అణ్ణిగెరె తల్లికిని బుట్టి, లేంబుళవాడ రాజుచే సబ్బినాఁట నగ్రహార మంది, కన్నడమునఁ గావ్యము రచించినవానిని నిలువునఁ జీల్చి పంచుకొనుట కెవ్వరికిని నధికారము లేదు. ఆతని తమ్ముఁడు మూఁడుభాషలను నొక్క రాతిపైఁ జేర్చి యా వివాదమునకు ముందుగానే తీర్పు చెప్పెను.

మిగిలిన కర్తవ్య మొకటి గలదు. పూర్వపు కరీంనగరాదిలాబాదు మండలములు 2016లోఁ బెక్కుజిల్లాలుగా విభజింపఁబడినవి. వేములవాడ యొక జిల్లాలో, ధర్మపురి యొక జిల్లాలో, గంగాధరము మఱియొక జిల్లాలోఁ జేరినవి. సబ్బినాఁటి చరిత్రను వెదకువా రీ సరిహద్దులను లెక్కింపరాదు. కరీంనగర ప్రాంతపు గుట్టలు కట్టడపురాళ్ళకై తొలువఁబడుచున్నవి. తాళపత్రము పోయినఁ బ్రత్యంతరము దొరకవచ్చును. శిల పగిలినచో దానికిఁ బ్రతి లేదు. గోదావరి కిరుగెలంకుల నున్న పాఠశాలల పండితులు తమతమ గ్రామములయందలి బండలమీఁది యక్షరములకుఁ బ్రతులు తీయించి, పాతచెఱువుల పేరులను, పాడుపడిన యూళ్ళ పేరులను వ్రాసి పంపినచో, గుట్టకు దక్షిణమునఁ గవితాగుణార్ణవమను నా చెఱువుగట్టును, ధర్మవురపు పాటిమంటిని నిర్ణయించుట యసాధ్యము కాదు. అది నిర్ణీతమైననాఁడు, కమ్మనాఁటినుండి బయలువెడలిన యొక కుటుంబపు ప్రయాణము మొదలుతుదలతో సంపూర్ణముగా మనకు లభించును.